మా ఇంటి మోరీలోంచి సముద్రం దాకా

మా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో మా వీధి మొత్తానికి సముద్రం చూసినవాళ్ళు ఒక్కరూ లేరు... మాకు తెలిసిన పెద్ద నీళ్ళంటే మంత్రాలయం దగ్గర తుంగభద్రే. అదీ ఎండాకాలంలో పోతే నీళ్ళకన్నా రాళ్ళే ఎక్కువ కనిపించేవి.

అలాంటి మాకు, నేను ఏడో తరగతిలో ఉండగా, డ్రాయింగ్ సారు "సముద్రాన్ని కాపాడుకుందాం" అని బొమ్మల పోటీ పెట్టారు. బాగున్న బొమ్మను కర్నూలుకు పంపిస్తామన్నారు. నేనసలే పంతం మనిషిని... ఇంకేముంది, పంపితే నాదే పంపాలనుకున్నాను.

మొదట నేను వేసిన సముద్రానికి అవతలి గట్టు కూడా ఉంది. గట్టు మీద రెండు ఎనుములు, అంటే గేదెలు, నీళ్ళు తాగుతున్నాయి. సారు కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. "ఉప్పునీళ్ళమ్మా అవి, ఎనుములు యాడ తాగుతాయి?" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

తర్వాత ఆయనే గోడ మీది పటం దగ్గరికి పిలిచి వేలితో దారి చూపించారు. మన మురుగు పారే మోరీలు వంకలోకి, వంక తుంగభద్రలోకి, తుంగభద్ర కృష్ణలోకి, కృష్ణ సముద్రంలోకి... "ఈడ మనం పారబోసిందంతా ఆడికే పోతాది" అన్నారు.

నాకు వెంటనే మా ఇంటి మోరీ గుర్తొచ్చింది. ఎందుకంటే మా నాయన మగ్గం నేయడమే కాదు, నూలుకు రంగు కూడా అద్దేవాడు. పొయ్యి మీద పెద్ద గంగాళంలో రంగునీళ్ళు కాగేవి. నూలు ముంచి తీసి ఆరేశాక, మిగిలిన నీళ్ళన్నీ వాకిట్లో మోరీలో పోసేవాడు. మోరీ రోజుకో రంగులో పారుతుంటే పిల్లలం చూసి మురిసిపోయేవాళ్ళం.

ఆదివారం పొద్దున్నే కొత్త బొమ్మ వేశాను. గంగాళం అడుగున మిగిలిన ఎరుపునే పుల్లకు దూది చుట్టి అద్దాను. మగ్గమున్న ఇల్లు, పంచె ఎగ్గట్టి గంగాళం వంచుతున్న మనిషి, ఎర్రటి మోరీ, ఎర్రబడిన సముద్రం, వెల్లకిలా తేలిన చేపలు... ఆ మనిషికి మా నాయన బుర్రమీసాలే పెట్టాను. బాగా కుదిరాయని ఎంత సంబరమో నాకు.

బొమ్మలన్నీ బడి వరండాలో తగిలించి తల్లిదండ్రుల్ని పిలిచారు. కూతురు ఏం వేసిందో తెలియని నాయన ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. ఆయన్ని చూశాక గానీ నాకు తెలివి రాలేదు. వీధివాళ్ళు మీసాలు గుర్తుపట్టి నవ్వుతున్నారు. అమ్మ నా జబ్బ గిల్లి "నీ నోట్లో మన్ను పడ... నాయన పరువు తీసి గోడకు తగిలిచ్చినావు గదే" అంది. నేను సారు దగ్గరికి పరిగెత్తి, బొమ్మ తీసేయమని ఏడ్చాను.

నాయన చాలాసేపు ఆ బొమ్మ ముందే నిలబడ్డాడు. తర్వాత సారును అడిగాడు, "మా నీళ్ళు నిజంగా అంతదూరం పోతాయా సార్?"

పోతాయన్నారు సారు.

"అట్లయితే ఎందుకు తీసేది? పాప అబద్ధం గీసింటే నేనే చించేద్దును. ఉండేదే గీసింది గదా... పంపించండి" అన్నాడు.

ఆ మాటకు నేను ఇంకా గట్టిగా ఏడ్చాను.

ఆ వారం నుంచి నాయన మోరీలో రంగునీళ్ళు పోయలేదు. మిగిలిన ఎరుపులోనే తువ్వాళ్ళ నూలు ముంచేవాడు. ఆపైన మిగిలింది పెరట్లో బండల తొట్టిలో పోస్తే మా ఊరి ఎండకు రెండు రోజుల్లో ఆవిరైపోయేది. చాలా ఏళ్ళు మా ఇంటిల్లిపాదికీ లేత గులాబీ తువ్వాళ్ళే...

పక్కింటి పెద్దాయన ఎగతాళి చేసేవాడు. "సముద్రం యాడుంది, నీవు యాడుండావప్పా? నీవొక్కడివి పోయకుంటే ఏమైతాది?"

"నా గంగాళం నీళ్ళకు నేనే గదన్నా జవాబు సెప్పల్ల" అనేవాడు నాయన.

కర్నూలులో నా బొమ్మకు ఏ బహుమతీ రాలేదు లెండి.

ఇప్పుడు నాయన లేడు. ఆ వీధిలో మగ్గాలూ తక్కువే. మోరీ నిండా ప్లాస్టిక్ కవర్లు... మొన్న మా పాప బడి కోసం బొమ్మ వేసింది. సముద్రంలో తాబేలు, దాని మెడకు చుట్టుకున్న కవరు, గట్టు మీద కవర్లు విసిరేస్తున్న ఒకావిడ. ఆవిడ కట్టుకున్నది నా చీరే, కవర్లు అలా విసిరేసే అలవాటూ నాదే. "నేనే దొరికానా నీకు, మార్చు" అని కసిరాను. పాప రబ్బరు తీసుకుని నన్ను చెరిపేసింది.

అప్పటి నుంచి మనసు మనసులో లేదు... మీ పిల్లలు ఎప్పుడైనా మీ తప్పు మీకే బొమ్మ గీసి చూపించారా? అప్పుడు మీరు మా నాయనలా ఉన్నారా, నాలా ఉన్నారా? నిజమే చెప్పండి.