నూరీ మెడ మీద మూడు చుక్కలు

శ్రీరాంపూర్ కాలనీలో మా క్వార్టర్ల లైనుకు కొత్తగా ఎవరొచ్చినా రాయమల్లు ఇంటి గోడల మీది సుద్దరాతల గురించే ముందు అడుగుతారు. వంటింటి తలుపు మీద, స్నానాల గది గోడ మీద, చివరికి ఆంజనేయస్వామి అలమర పక్కన కూడా "రా.మ." అని రెండక్షరాలు, కింద తేదీ ఉంటాయి. ఆయన బొగ్గుబాయిలో సర్దారుగా చేసి రిటైరయ్యాడు. షిఫ్టు మొదలుకాకముందే లోపలికి దిగి, కర్రతో పైకప్పు తట్టి, చప్పుడు విని, ఇక్కడ పని చేసుకోవచ్చని సుద్దతో గుర్తు పెట్టడం ఆయన పని. ఆ గుర్తు లేనిచోట కార్మికులు అడుగు పెట్టరు. రిటైరై మూడేళ్లయినా ఆ చెయ్యి ఊరుకోలేదు. రోజూ పొద్దున గ్యాసు పైపు చూస్తాడు, దీపం చుట్టూ చూస్తాడు, గుర్తు పెడతాడు.

"అంజన్నకు గూడ నీ పర్మిషన్ కావాల్నా?" అంటుంది భార్య తారాబాయి.

"అంజన్నకు కాదే, అగ్గికి," అంటాడాయన, సుద్దముక్క జేబులో వేసుకుంటూ.

మొన్న శ్రావణంలో పక్కింటి మక్సూదా, కూతురు ఫిర్దోస్ కాన్పుకని సుల్తానాబాద్ పోతూ, తన పిల్లి నూరీని తెచ్చి తారాబాయి ఒళ్లో పెట్టింది.

"వారం రోజులే వదినా, శుక్రారం వస్త. జర పాలు, అన్నం పెట్టు చాలు. మంచం మీద మాత్రం పండనియ్యకు," అంది, ఎటో చూస్తూ.

"గంతగనం చెప్పాల్నా? నా బిడ్డ లెక్క చూసుకుంట," అంది తారాబాయి.

రాయమల్లు ముందుకొచ్చాడు. "నా పూచీ, చెల్లె. ఎట్ల ఇచ్చినవో అట్లనే నీ చేతుల పెడ్త."

నాలుగో రోజుకల్లా నూరీ వెనక కాలితో మెడ గోక్కోవడం మొదలుపెట్టింది. తారాబాయి వెంట్రుకలు పాయతీసి చూసింది. నువ్వుగింజకంటే చిన్నవి, నల్లటి పురుగులు. వేలు పెట్టేలోపు ఎగిరి మాయమవుతున్నాయి. గడపలో పడుకున్న వాళ్ల కుక్క మోతి కూడా అదే తాళంలో గోక్కుంటోంది.

"మోతి మీదికెల్లే ఎక్కినయి," అంది తారాబాయి.

రాయమల్లు ముఖం వాడిపోయింది. "శుభ్రమైన పిల్లిని నమ్మి అప్పజెప్పింది. పురుగుల పిల్లిని ఎట్ల తిరిగియ్యాలె? శుక్రారం వరకు ఒక్కటి మిగలొద్దు. లైన్ల ఎవరికీ తెల్వొద్దు."

సర్దారుకు తెలిసిన మొదటి వైద్యం ఒకటే. బాయిలో బొగ్గు ధూళికి మంట అంటుకోకుండా గోడల మీద సున్నపురాయి పొడి చల్లుతారు. ఆయన ముగ్గుపిండి డబ్బా ఎత్తి ఇల్లంతా అదే పద్ధతిలో చల్లాడు. మంచం కింద, బియ్యం డ్రమ్ము వెనక, మోతి మీద, నూరీ మీద. మోతి ఒక్కసారి విదిలించుకుంది. తారాబాయి అప్పుడే స్నానం చేసి, తడి జుట్టుతో దీపం పెట్టబోతోంది.

"గిది ఇల్లనుకున్నవా, బొగ్గుబాయనుకున్నవా?" అని అరిచింది, కనుబొమ్మలదాకా తెల్లగా. పురుగులకు మాత్రం ఏమీ కాలేదు.

మర్నాడు ఆయన మోతిని, సంచిలో నూరీని హనుమండ్లు కిరాణంలో బియ్యం తూచే కాంటా మీద నిలబెట్టాడు. మోతి పద్దెనిమిది కిలోలు, నూరీ మూడు. ఆ లెక్క కాగితం మీద రాసుకుని మంచిర్యాల బస్సెక్కి జంతువుల మందుల దుకాణానికి పోయాడు. కౌంటరు వెనక అజీముద్దీన్ ఉన్నాడు. మక్సూదాకు వరుసకు తమ్ముడు.

"కుక్కకు పురుగులు పడ్డయి. ఏమున్నయి?"

అజీముద్దీన్ ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాడు. "గిది సబ్బు. కడిగిన రోజు పోతయి, మళ్ల వస్తయి. గిది మెడకు కట్టే పట్టా, నెలల తరబడి పనిచేస్తది."

"పట్టా వద్దు. మోతి ఆ పట్టానే ముందు తింటది."

"మరి గోలీ ఇయ్యాల్నా? మింగుతదా?"

"చెప్పులు మింగుతది. గోలీ ఉమ్మేస్తది."

"అయితే గీ చుక్కల మందు తీస్కో కాకా. మెడ మీద పోస్తే నెల దాక ఫికర్ లేదు. ఇంట్ల పిల్లి గిట్ల ఉన్నదా? ఉంటే వేరేది ఇస్త."

ఉందంటే ఎవరి పిల్లి అంటాడు. ఆ సాయంత్రానికే సుల్తానాబాద్‌కు ఫోను పోతుంది. "లే," అన్నాడు రాయమల్లు. అబద్ధమాడి ఎరుగని మనిషి కదా, ఆ ఒక్క అక్షరానికే చెమట పట్టింది.

పెట్టె మీద పిల్లి బొమ్మ, దాని మీద ఎర్రగీత ఉన్నాయి. ఆ గీత ఆయనకు బాగా తెలిసిందే. బాయి ముఖద్వారంలో బీడీ బొమ్మ మీద ఉండే గీత. అంటే బీడీ లోపలికి తేవద్దని. ఇదీ అంతే, మందు పోసేచోటికి పిల్లిని తేవద్దని. అందుకే ఎంతో జాగ్రత్తగా నూరీని వంటింట్లో పెట్టి గొళ్లెం వేసి, మోతికి మందు పోశాడు. అది అయ్యాక గొళ్లెం తీసి నూరీని తెచ్చుకున్నాడు. పద్దెనిమిది కిలోలకు పద్దెనిమిది చుక్కల గొట్టం ఒకటైతే మూడు కిలోలకు ఆరోవంతు. మూడు చుక్కలు. రెండో గొట్టం విప్పి నూరీ మెడ మీద లెక్కపెట్టి వేశాడు.

రెండు గంటలు గడిచాక నూరీ చెవులు అదరసాగాయి. కాళ్లు వణికాయి. నిలబడబోయి పక్కకు ఒరిగింది. తారాబాయి అంజన్న పటం ముందు నిలబడి, కొండగట్టుకు వచ్చి టెంకాయ కొడతానని మొక్కి, ఆ నోటితోనే భర్త మీద అరిచింది, "దేవుని మీద పెట్టి నిలబడకు, డాక్టరమ్మకు ఫోన్ కొట్టు!"

పశువుల డాక్టరు వందన ఆయన చెప్పింది విని ఒక్క క్షణం ఆగింది. "కుక్క మందు పిల్లికి ఏసిన్రా? అది పిల్లులకు విషం కాకా. కొంచెమైనా పనికిరాదు. గోరువెచ్చటి నీళ్లతోని, గిన్నెలు తోమే సబ్బుతోని మెడంతా కడుగుండ్రి. తుడిచి, వెచ్చగ చుట్టి, జల్ది తీస్కరండ్రి."

ఇక లైనుకు తెలియకుండా ఉంచే రోజులు అయిపోయాయి. రాయమల్లు గడపలోకి వచ్చి కేకేశాడు. ఎదురింటి జ్యోతిరాణి తన పిల్లల స్నానానికి కాచిన నీళ్లు బకెట్‌తో సహా ఎత్తుకొచ్చింది. లైను చివరింటి కనకవ్వ కొత్త తువ్వాల తెచ్చి, మడత విప్పుతూ, "ఎందుకు దాచుకుంట? గిట్లాంటి పనికే," అంది. నూరీని నాలుగు చేతులు కడిగాయి. మోతి మూలన నక్కి, వచ్చినవాళ్లందరినీ చూస్తూ ఒక్కసారి కూడా మొరగలేదు. ఆటో వెంకటి వేరే దిక్కు సవారీతో బయలుదేరినవాడు, సవారీని బతిమాలి దించి, తన ఖాకీ చొక్కా విప్పి పిల్లికి చుట్టాడు. తప్పెవరిదని ఒక్కరూ అడగలేదు. అడిగితేనే రాయమల్లుకు కొంచెం హాయిగా ఉండేదేమో.

ఆస్పత్రిలో సూది వేశారు, రెండు రోజులు పెట్టుకున్నారు. రాయమల్లు బయట బెంచీ మీద రెండు పగళ్లూ కూర్చున్నాడు. దేవుడి దయవల్ల రెండో సాయంత్రం నూరీ లేచి ఆయన వేలు కొరికింది. ఆ కాటుకు ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. వందన పిల్లులకు వేసే మందు వేరేగా ఇచ్చి, పక్కబట్టలన్నీ వేడినీళ్లలో ఉతికి ఎండబెట్టమని చెప్పి పంపింది.

శుక్రవారం మక్సూదా లడ్డూల డబ్బాతో దిగింది. మనవరాలు పుట్టిందట. రాయమల్లు తెల్లచొక్కా వేసుకుని, చేతిలో నోటుబుక్కుతో, పెద్దాఫీసరు ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"చెల్లె, లడ్డూ తర్వాత. ముందు నా రిపోర్టు విను." చదవడం మొదలుపెట్టాడు. "సోమారం, పిల్లికి పురుగులు. మోతితోటి అంటినయి. తప్పు నాది. మంగళారం, ముగ్గుపిండి. తప్పు నాది. బుధారం, దుకాణంల అబద్ధం..." మూడు చుక్కల సంగతి, ఆస్పత్రి సంగతి చదివి నోటుబుక్కు మూశాడు. "పూచీ అన్న. నిలబెట్టుకోలే. నువ్వు ఏమన్నా పడ్త."

మక్సూదా నూరీని ఎత్తుకుని, మెడ తడిమి చూసి, అక్కడే గడప మీద కూలబడింది. కోపమేమో అనుకుని తారాబాయి దగ్గరికి జరిగింది.

"అన్నా," అంది మక్సూదా తల వంచుకుని, "పురుగులు మోతియి కావు. నేను పోయెటప్పటికే నూరీకి ఉండె. చెప్తే ఉంచుకోరేమోనని... సిగ్గుతోని చెప్పలే. మంచం మీద పండనియ్యకని అంటి చూడు, గందుకే."

తారాబాయికి నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. "నాలుగొద్దుల సంది మోతిని తిడ్తనే ఉన్నం కదయ్యా!"

రాయమల్లు నోటుబుక్కు తెరిచి "మోతితోటి అంటినయి" అన్న లైను కొట్టేశాడు. డబ్బాలోంచి ఒక లడ్డూ తీసి మొదట మోతికే పెట్టాడు. మోతి అది మాత్రం ఉమ్మెయ్యలేదు.

"మా ఇంట్ల గూడ ఉన్నయేమో అన్నా," అంది మక్సూదా మెల్లగా. "జర నువ్వు చూస్తవా?"

ఆయన జేబు తడుముకున్నాడు. మధ్యాహ్నానికల్లా మక్సూదా ఇంటి పరదాలు, దుప్పట్లు, చాపలు రెండిళ్ల మధ్య తీగమీద ఆరుతున్నాయి. నేలంతా కడిగి, మూలమూలా కర్రతో తట్టి చూసి, సాయంత్రం రాయమల్లు బయటికొచ్చాడు. ఆమె తలుపు మీద శుభ్రంగా "రా.మ." అని రాసి, తేదీ వేసి, పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

"ఇగ పో చెల్లె, లోపలికి."

మక్సూదా పిల్లిని చంకనెత్తుకుని, తల వంచి లోపలికి నడిచింది.