ఇంజిన్ మీద ఎండు నెత్తళ్ళు

నిన్న పోర్ట్ బ్లెయిర్‌లో మన పాత ఆవిరి ఇంజిన్ కనబడింది. నల్ల పెయింట్ వేసి, చుట్టూ గొలుసు కట్టి, మెయిన్‌లాండ్‌లో కాలవల తవ్వకంలో మట్టి మోసిన ఘన చరిత్ర దీనిదని బోర్డు పెట్టారు. నాకు మాత్రం ఎండు నెత్తళ్ళ వాసనే వచ్చింది.

బ్రూక్షాబాద్ దోస్తులూ, గుర్తుందా? అడవి దుంగలు లాగడానికి ఈ దీవులకు ఓడ మీద తెచ్చిన ఆ ఇంజిన్, మన చిన్నప్పటికే ఊరి పొదల్లో పడి ఉండేది. మా నాయనమ్మ దాని మీదే నెత్తళ్ళ చేపలు ఆరబెట్టేది.

"సర్కారీ బండి మౌసీ, చేపలు తీసెయ్," అని వాచ్‌మన్ గొణిగేవాడు.

"ఈ బండే మా పొలంలోంచి కాలవ మట్టి మోసినాది భయ్యా. బూమి పోనాది, సుక్క నీరు రానేదు. ఓడెక్కి ఈడికొస్తే ఇదీ నా ఎనకే వచ్చినాది. ఇప్పుడు నా చేపలు మొయ్యనీ."

అదే బండని ఎలా పోల్చుకుందో ఏమో, మేం నమ్మాం. చేపలకు పట్టించగా మిగిలిన ఉప్పును కూడా ఆ ఇనుము మీదే కసిగా రుద్దేది.

నిన్న అక్కడ పెయింటర్ నాతో అన్నాడు: "ఎన్నిసార్లు కొట్టినా ఈ చోట పెయింట్ నిలవట్లేదు దీదీ, పొక్కిపోతోంది."

అది నాయనమ్మ ఉప్పు రుద్దిన చోటే. ఆదివారం మళ్ళీ వెళ్తాను, ఉప్పు పొట్లంతో.