ఆదివారం పెట్టిన పరీక్ష

"ఆదివారం పొద్దున పరీక్ష పెడతరా ఎవరైనా?" అన్నాను.

"వాళ్ళు ఎక్కడెక్కడోళ్ళకో పెడుతున్నరు నాయినమ్మా. నాకు తొమ్మిదింటికి వచ్చింది. ఇది పోతే మళ్ళ మూడు నెలలకట."

"ఫోన్ల ఇచ్చే కాయితం చూసి నౌకరి ఎవరిస్తరే?"

"అత్తాపూర్ల బడి మేడం ఇస్తనన్నది. నా పాట విన్నది. పిల్లలకు మంచిగ నేర్పుతవు గని సర్టిఫికెట్ ఏదన్నది. ఏం చెప్పాలె? మా నాయినమ్మ నేర్పిందని రాసియ్యాల్నా?"

నా చేతిలోని చిక్కుడుకాయ అట్లాగే ఉండిపోయింది. ఆ శనివారం సాయంత్రం శంషాబాద్‌లో మా ఇంటి ముందరి గదిలో కూర్చుని ఈనెలు తీస్తున్నాను. మనుమరాలు నా కొడుకు బిడ్డ. ఎయిర్‌పోర్టులో ఒక దుకాణంలో బిల్లు కొడుతుంది. ఏడాదిగా జీతంలో మిగిల్చి, ఫీజు కట్టి ఫోన్‌లో సంగీతం నేర్చుకుంటోంది; ఈ పరీక్ష దానికే. చెప్పులు తెగితే కుట్టించుకుని తొడిగే ఇంట్లో అదొక దుబారా అని మొదటిరోజే అన్నాను.

నిజానికి నా బాధ డబ్బు కాదు.

నేను మూడో తరగతి దాకా చదివాను. తరువాత చదువంటే చర్చిలో పాటల పుస్తకమే. పాస్టరయ్య పాట నంబరు చెప్పగానే డోలక్ కంటే ముందు మొదటి వరుస నేనొక్కదాన్నే పాడతాను. దాన్ని మావాళ్ళు పాట ఎత్తడం అంటారు. నేను పట్టిన శ్రుతికే అందరూ పాడాలి. ముసలివాళ్ళకు దమ్ము అందాలని వరుస చివర కొంచెం ఆగుతాను. ఈ పిల్ల నా ఒడిలో కూర్చుని అట్లాగే నేర్చుకుంది. ఫోన్‌లోని టీచరమ్మ ఒకరోజు ఆ ఆగడం తప్పన్నది, తాళం పోతుందన్నది. "సరే మేడం, మార్చుకుంట" అంది ఇది వెంటనే. పుట్టి ఇరవై మూడేళ్ళయింది, నాకు ఒక్కసారి కూడా అంత తొందరగా సరే అనలేదు.

నాకు కుళ్ళు పుట్టింది. దానికి వేరే పేరు పెట్టను. అరచేతంత ఫోన్‌లో కనబడే ఆ మనిషి మొఖం చూస్తే చాలు, గిన్నెలు కడగడం గుర్తొచ్చేది నాకు. గట్టిగా చప్పుడయ్యేట్టు కడిగేదాన్ని.

"రేపు నువ్వు రాకుంటే చర్చిల కీబోర్డు ఎవరు వాయిస్తరు?"

"నేను పుట్టకముందు ఎట్ల పాడిండ్రు?"

"పాడినం. మీ మేడం తాళం లేకుండనే పాడినం."

"ఆమె మీద పడ్డవేంది? ఆమె నిన్నేమన్నది?"

"నేను నేర్పింది మరువమన్నది."

"మరువమనలే నాయినమ్మా. చర్చిల గట్ల పాడు, పరీక్షల గిట్ల పాడు అన్నది. జర నువ్వు కూడ సమజ్ చేసుకోవాలె."

గగన్‌పహాడ్‌లో బిస్కెట్ల ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు ప్యాకింగ్ చేశాను. కాయితం లేకుండానే పెట్టుకున్నారు, కాయితం లేకుండానే తీసేశారు. ఎవరినీ అడగడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. దానికి ఆ మాట చెప్పాలనుకున్నాను. చెబితే ఓడినట్టవుతుందని చిక్కుడుకాయలు తీసుకుని వంటింట్లోకి పోయాను.

పొద్దున కొడుకూ కోడలూ ముందే చర్చికి పోయారు. నేను తెల్లచీర కట్టుకుని చెప్పులేసుకున్నాను. తొమ్మిదింటికి పిల్ల గది తలుపు గడియ పెట్టుకుంది. చప్పుడు వినబడితే మార్కులు పోతాయట. అప్పుడే పక్కింట్లో బోరు మోటారు వేశారు. పోయి, "జర అర్ధగంట ఆపమ్మా, పిల్లకు పరీక్ష ఉన్నది," అన్నాను. ఆమె ఆపింది. తిరిగొచ్చి తలుపు బయట కుర్చీ వేసుకున్నాను.

ఎక్కడా ఆగకుండా పాడింది. మధ్యలో విమానం పోయినా గొంతు బెదరలేదు. ఆ వయసులో నేను అంత బాగా పాడలేదు. ఆ ముక్క దానికి చెప్పలేదు.

పాట అయిపోయాక ఆటో ఎక్కి చర్చికి పోయాను. అప్పటికే పాట ఎత్తారు. డోలక్ వాయించే అతని భార్య ఎత్తిందట. శ్రుతి బాగా కిందికి పట్టింది. అందరూ దానికే పాడుతున్నారు. చివరి వరుసలో చోటు చూసుకుని కూర్చుని నేనూ పాడాను.