కోటబొమ్మాళిలో ఆగిన పందెం కారు

నిన్న బంకులో ఎవరో వేడెక్కిన ఇంజనులో నీళ్లు పోస్తుంటే, ఆ వాసనకు అరవైల చివరి రోజులు గుర్తొచ్చాయి. అప్పట్లో కార్ల పందెం ఒకటి మా కోటబొమ్మాళి మీదుగా వెళ్లింది. మీలో ఎవరైనా చూశారా?

తలుపుకు నంబరు రాసిన కారొకటి పొగలు కక్కుతూ మా ఇంటి ముందు ఆగిపోయింది. నడుపుతున్నది ఒక ఆడమనిషి. మిగతా కార్లు దుమ్ము రేపుకుంటూ దాటిపోతున్నాయి. కొత్తవాళ్ల ముందుకు ఎన్నడూ రాని మా అమ్మ, ఇత్తడి బిందెతో రోడ్డు మీదికి పరుగెత్తి నీళ్లందించింది.

"ఇంత జోరుగా తోల్తన్నావు, బయ్యం నేదేటమ్మా?" అని అడిగింది.

"బయలుదేరేదాకా ఉంటుందమ్మా" అని ఆవిడ నవ్వి, కారు దూకించింది.

గెలిచిందో లేదో మాకు తెలియదు. దుమ్ము అణిగేదాకా అమ్మ అక్కడే నిలబడింది. సాయంత్రం నాన్న పొలం నుంచి రాగానే, ఆయన చేతిలోని సైకిలు అందుకుంది.

"ఏటలా సూస్తన్నావు మావా? ఎనకాల గట్టిగా పట్టుకో" అంది.