సముద్రపు ఊరికి కుట్టిన బట్టలు

మా టైలరు మాస్టరు పోయారు. విశాఖపట్నంలో మా అక్క కూతురి పెళ్ళి చూసుకొని వచ్చిన మర్నాడు, ఆయనకు స్వీట్లు ఇద్దామని అమీర్‌పేట వెళ్ళాను. షట్టరు దించి ఉంది. పక్కనే ఉన్న జిరాక్స్ షాపతను నన్ను చూసి బయటికొచ్చాడు. "మాస్టర్ పోయిండు మేడం. గురువారం పగటిపూట మిషన్ మీదనే తల వాల్చిండు. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది" అన్నాడు. గురువారం పగటిపూట నేను సముద్రం ఒడ్డున, ఆయన కుట్టిన బట్టల్లో ఫొటోలు దిగుతున్నాను.

మీలో పంజాగుట్ట, శ్రీనగర్ కాలనీ వైపు ఉండే ఆడవాళ్ళకు ఆయన తెలిసే ఉంటారు. కోచింగ్ సెంటర్ల సందులోకి తిరిగితే రేకుల కప్పు కింద ఒక మిషను, ఒక బల్ల, మెడలో టేపుతో ఒక సన్నటి మనిషి. సిరిసిల్లలో మగ్గాల ఇంట పుట్టి, నేత సాగక ఇక్కడికొచ్చి కుట్టుపని పట్టుకున్నారు. గుడ్డ చేతికిస్తే ముందు కొలతలు అడిగేవారు కాదు. "ఏ ఊరికి మేడం?" అని అడిగేవారు. మనిషిని బట్టి కొలత, ఊరిని బట్టి కోత అన్నది ఆయన లెక్క.

మావాళ్ళంతా కోస్తావాళ్ళే గానీ నేను పెరిగింది ఇక్కడే. ఎండాకాలంలో సముద్రపు ఊరికి ఏం వేసుకెళ్ళాలో నాకు నేర్పింది సముద్రాన్ని ఒక్కసారి కూడా చూడని ఈ మనిషే. ఓసారి విశాఖ వెళ్తూ, పెళపెళలాడేలా గంజిపెట్టిన నేత చీరలు సర్దుకున్నానని గొప్పగా చెప్పాను. ఆయన కత్తెర కింద పెట్టేశారు. "గంజి మన ఎండకు మేడం. మనది కాలుస్తది, ఆడిది ఉడకబెడ్తది. చెమటకు నాని గా గంజంతా అంబలైతది. జర నా మాట ఇని ఉతికేయుండ్రి" అన్నారు. నేను వినలేదు. చీర ఒంటికి అతుక్కుపోయి మూడు రోజులు నరకం చూసి వచ్చాను. ఆయన నవ్వారంతే.

అప్పటినుంచి ఆయన చెప్పిందే వేదం. పల్చటి మల్లు గుడ్డ కావాలి. చంక దగ్గర అరంగుళం వదులు ఉండాలి. లైనింగ్ వద్దు. బూడిద రంగు అసలే వద్దు, చెమట మచ్చలు దూరం నుంచే కనబడతాయి. ఉతికింది అక్కడ తెల్లారినా ఆరదు కనుక ఒక జత ఎక్కువ పెట్టుకోవాలి. ఎవరైనా నైలాన్ లాంటి గుడ్డ తెస్తే రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకొని, "ఇది బట్ట కాదమ్మా, కవర్" అనేవారు. ఇవన్నీ ఎలా తెలుసని అడిగితే, ఆ ఊళ్ళనుంచి తిరిగొచ్చి వదులు చేయడానికిచ్చిన జాకెట్లలో చెమట ఉప్పు ఎక్కడ చారకట్టిందో చూస్తానన్నారు. ఏ కుట్టు విప్పినా లోపల రెండు వేళ్ళ గుడ్డ వదిలి ఉండేది. "మనిషి ఒక్కతీరుగ ఉండడు మేడం. జాగ ఇడవాలె" అనేవారు.

ఆ జాగా సొంత బిడ్డకు వదలలేకపోయానని ఆయనే ఒకరోజు చెప్పారు. ఒక్కతే కూతురు. విశాఖలో నర్సు ఉద్యోగం చేస్తూ అక్కడి అబ్బాయిని ఇష్టపడి చేసుకుంది. మూడేళ్ళు ఆయన మాట్లాడలేదు. ఈ ఏడాది ఉగాది తర్వాత తనే ఫోన్ చేసి రమ్మందట. మే నెలలో ఒక సోమవారానికి టికెట్ తీసుకున్నారు. "అల్లుని ఇంటికి మొదటిసారి పోయేటోడు ఆ ఉక్కలో ఏం ఏసుకోవాలె మేడం?" అని నన్నడిగారు. ఊరందరికీ చెప్పే మనిషి నన్నడుగుతున్నాడని నవ్వొచ్చింది. తెల్లచొక్కా కుట్టుకోండి అన్నాను.

సరిగ్గా ఆ ప్రయాణానికి రెండు రోజుల ముందే నేను పెళ్ళికి ఆరు జతల గుడ్డ పట్టుకెళ్ళాను. "సోమవారం బిడ్డ దగ్గరికి పోతున్న. వచ్చినంక కుడ్త" అన్నారు. నాకు కోపమొచ్చింది. ఇంకెవరి చేత కుట్టించినా ఆ ఉక్కలో వేసుకోలేను. "పెళ్ళి మీకోసం ఆగదు కదండీ మాస్టరుగారూ. మీరు వారం ఆగి వెళ్ళినా మీ అమ్మాయి అక్కడే ఉంటుంది" అన్నాను. ఆయన కాసేపు గుడ్డను తడుముతూ కూర్చున్నారు. "సరే మేడం" అని టేపు తీశారు. టికెట్ రద్దు చేసుకొని ఆ పై ఆదివారానికల్లా ఆరు జతలూ ఇచ్చారు. ఒక్క కుట్టులో కూడా తొందర కనబడలేదు.

పదకొండో రోజు దాటాక మళ్ళీ వెళ్ళాను. షట్టరు సగం ఎత్తి, మాస్టరు భార్య, కూతురు జనాల బట్టలు ఎవరివి వాళ్ళకు ఇచ్చేస్తున్నారు. భార్య నన్ను గుర్తుపట్టి చెప్పింది: "నీ పని అయినంక తన తెల్ల అంగీ పట్టిండమ్మా. గుండీలే మిగిలినయి. గుండీలు లేకుండనే తొడిగి పంపినం."

కూతురు నా కుర్తా వైపు చూస్తోంది. ఆలోచించకుండా ఆ ఆరింట్లో ఒకటి వేసుకొచ్చాను. "ఇది బాపు కుట్టిందే గదా మేడం? ఎప్పుడు కుట్టిండు?" అంది.

"మొన్ననే. విశాఖలో పెళ్ళికి."

ఆమె చేతిలో మూట కింద పెట్టింది. "నా దగ్గరికి వస్త అన్నడు. తర్వాత ఫోన్ చేసి, అర్జంట్ పని పడ్డది, వచ్చే వారం వస్త అన్నడు. నా మీద కోపం పోలే, రానీకి మనసు లేక సాకు చెప్తుండనుకున్న. నీ పనే చూస్కో బాపూ అని ఫోన్ పెట్టేసిన. మళ్ల ఎత్తలే."

ఆ రోజు కుట్టుబల్ల దగ్గర జరిగింది నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. జీవితమంతా ఆమె అలాగే అనుకుంటుంది.

"సాకు కాదమ్మా. నేనే ఆపాను. ఈ బట్టల కోసం" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టినా పడేదాన్ని. ఆమె దగ్గరికొచ్చి నా చేతి అంచు దగ్గర గుడ్డను పట్టుకుంది. అక్కడినుంచి కుట్టు వెంట వేలు పెట్టి, మెల్లగా, మోచేయి దాటి భుజం దాకా వెళ్ళింది. మెడ చుట్టూ తిరిగి రెండో భుజం మీదికి వచ్చింది. కొలతలిచ్చేటప్పుడు నిలబడ్డట్టు రెండు చేతులూ చాచి, ఊపిరి బిగబట్టి, ఆమె ముగించేదాకా అలాగే నిలబడ్డాను.