పెద్దమ్మ ఓటూ, నా పెద్ద గొంతూ

దక్షిణాఫ్రికాలోని వెరులంలో మా గుడి హాలు గోడకి ఒక కాగితం చాలా నెలలు వేలాడింది. దాని కింద ఎర్రసిరాతో "ఇది చెల్లని ఓటు" అని రాసి ఉండేది. ఆ ఓటు నాది. జనానికి ఓటెయ్యడం నేర్పమని ఏరి కూర్చోబెట్టిన పదిమందిలో నేనొకణ్ణి. మొదటిరోజు నమూనా బ్యాలెట్ ఇచ్చి ఇంటూ గుర్తు పెట్టమంటే, నా ఇంటూ ఒక గడిలో మొదలై మూడు పార్టీల మీదుగా నడిచిపోయింది. మా టీచరమ్మ దాన్ని చింపి పారేయలేదు, పాఠానికి పనికొస్తుందని గోడకి అంటించింది. పేరు మాత్రం రాయలేదు, ఓటు రహస్యం కదా అంది. అంత వంకర ఇంటూ పెట్టేవాడు ఊళ్లో ఒక్కడే ఉన్నాడని అందరికీ తెలుసు కాబట్టి ఆ రహస్యం వల్ల నాకు ఒరిగిందేమీ లేదు.

నన్ను ఎందుకు ఎంచుకున్నారంటే నా గొంతు చూసి. స్టాండర్డ్ ఫైవ్‌లో బడి మానేసి బస్సెక్కిన వాణ్ణి. బడి మానినా గుడిలో ఆదివారం తెలుగు పాఠం మాత్రం మా అమ్మ మాననివ్వలేదు. డర్బన్ బస్సులో పద్దెనిమిదేళ్లు కండక్టరు చేశాను. వెరులం బస్టాండులో "డర్బన్, డర్బన్" అని అరిస్తే డర్బన్‌లోనే వినపడేదని డ్రైవరు ఏడిపించేవాడు.

టీచరమ్మ అంటే రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. గుడివాళ్లనీ, మసీదువాళ్లనీ, చర్చివాళ్లనీ ఒక బల్ల చుట్టూ చేర్చింది ఆవిడే. ఏ పార్టీ మాటా ఎత్తకూడదు, ఎవరికి వెయ్యాలో చెప్పకూడదు, తెల్లచొక్కా తప్ప వేరే రంగు తొడగకూడదు. ఈ మూడే మా నియమాలు. తెలుపు మంచికే. ఆ రోజుల్లో నాటాల్‌లో పార్టీల కొట్లాటలు, చొక్కా రంగు చూసి మనిషిని పొడిచేవారు. మా బస్సు కిటికీలోంచి చూస్తే, నిన్నటిదాకా ఇళ్లున్న గుట్ట మీద ఇవాళ నల్లటి మచ్చలు ఉండేవి. బస్సులో ఎవరూ దాని గురించి మాట్లాడేవారు కాదు. అవి చెరకు తోటలు కాల్చే రోజులు కూడా. గాలికి బూడిద ఎగిరొచ్చి ఆరేసిన తెల్లచొక్కాల మీద పడేది. మా నిష్పాక్షికతకి ఎప్పుడూ నల్లచుక్కలుండేవి.

నేను పాఠం చెబుతుంటే ముందు వరసలో కూర్చునేది మా పెద్దమ్మ, అమ్మకి అక్క. మౌంట్ ఎడ్జ్‌కోంబ్ ఎస్టేటు బారక్సులో పుట్టింది. పదమూడో ఏట నుంచి చెరకు నరికింది. పెదనాన్న అక్కడే మిల్లులో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకుని, ఇప్పుడు వెరులంలో కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. ఇద్దరూ జన్మలో ఓటేసినవాళ్లు కారు. ఇండియన్లకి వేరే సభ అంటూ ప్రభుత్వం ఓటు విదిల్చినప్పుడు, అలాంటిది మాకొద్దని ఇంట్లోనే కూర్చున్నారు. ఈసారి తెల్లా నల్లా తేడా లేకుండా అందరితో కలిపి ఇచ్చే ఓటు. ఇద్దరూ కలిసి వెళ్లి వెయ్యాలని పెద్దమ్మ పట్టు.

"యెబో, అంతా బాగా సెప్పినావు," అనేది పాఠం అయ్యాక. యెబో అంటే జులూలో అవునని. "ఇంటూ ఎక్కడెట్టాలో అది సెప్పు."

"అది చెప్పకూడదు పెద్దమ్మా."

"మరి గంట సేపు ఏటి వాగినావురా అబ్బీ?"

ఓటెయ్యాలంటే ఐడీ బుక్కు కావాలి. బుక్కుకి ఫోటో కావాలి. పాతవాళ్లలో చాలామందికి బుక్కు లేదు. అందుకని ఒక శనివారం గుడి హాల్లో తెల్లదుప్పటి కట్టి, ఊళ్లోని ఫోటోగ్రాఫర్‌ని పిలిపించాం. ఆడవాళ్ల వరస గేటు దాటింది. ఐడీ ఆఫీసువాళ్లిచ్చిన కాగితం చూసి నేను బస్టాండు గొంతుతో అరుస్తున్నాను. "టోపీలు తియ్యండి! కళ్లజోళ్లు తియ్యండి! పాన్ నమిలేవాళ్లు ఉమ్మేసి రండి!" వరసలో ఇంతింత బొట్లు కనపడ్డాయి. నా నోరు ఊరుకోలేదు. "బొట్లు కూడా తియ్యండమ్మా! ఆఫీసులో దొర అది సర్కారు సీలనుకుని, పాసైపోయింది పొమ్మంటాడు!"

కుర్రపిల్లలు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ వరసలో ఎస్టేటులో పెరిగిన ఆడవాళ్లున్నారు. పొద్దున్నే పని చేయించే సర్దారు అరిస్తే లేచి, సర్దారు అరిస్తే వంగి, అరిచినవాడు ఎందుకు అరిచాడో ఎన్నడూ అడగకుండా బతికినవాళ్లు. పెద్ద గొంతులో జోకుంటుందని వాళ్లకి ఎవరూ నేర్పలేదు. ఏడెనిమిది మంది కుళాయి దగ్గరికి నడిచారు. పెద్దమ్మ కొంగు తడిపి నుదురు తుడుచుకుంది.

నేను చూశాను. చూడలేదని చాలాకాలం చెప్పుకున్నాను గాని, చూశాను. వరస పొడుగ్గా ఉంది, ఫోటోగ్రాఫర్ విసుక్కుంటున్నాడు, రెండు నిమిషాల్లో మళ్లీ పెట్టుకుంటుందిలే అనుకున్నాను.

మూడు నెలలకి బుక్కులొచ్చాయి. పెద్దమ్మ బుక్కు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. తెరిచి చూసి వెంటనే మూసేసింది. పెదనాన్న మంచం మీంచి చెయ్యి చాచాడు. బొట్టు లేని ఫోటోని చూశాడు. దగ్గొచ్చింది, దగ్గులోంచి నవ్వొచ్చింది.

"నన్ను ముందే పంపించేసినావే," అన్నాడు.

ఆవిడ నవ్వలేదు. మర్నాడు శుక్రవారం. తలస్నానం చేసి, కొత్త పుస్తకం ఏదొచ్చినా చేసినట్టే బుక్కు నాలుగు మూలలకీ పసుపు రాసింది. తర్వాత ఫోటో మీది ప్లాస్టిక్ పొరని గోటితో లేపి, కుంకుమని కొబ్బరినూనెలో కలిపి ఫోటోకి బొట్టు పెట్టింది. పొరని అన్నం మెతుకులతో అతికించి, పైన ఇసుర్రాయి పెట్టింది. నాకు చూపించినప్పుడు ఎరుపు కనుబొమల దాకా దిగింది. "ఇప్పుడు బాగున్నాది కదా," అంది. బాగుంది అన్నాను. కొత్త బుక్కుకి రాసే టైము కూడా లేదు.

నడవలేనివాళ్ల ఓట్లు ఒకరోజు ముందే తీసుకున్నారు. పెదనాన్నని కుర్చీతో సహా ఎత్తి వ్యానులో పెట్టాం. కలిసి వెయ్యాలన్న పట్టు అక్కడే సగం పోయింది. తిరిగొచ్చాక ఆయన చేతికి చల్లిన, ప్రత్యేక దీపం కింద తప్ప కనపడని సిరాని కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూసుకున్నాడు. "రేపు నువ్వు," అన్నాడు పెద్దమ్మతో.

మర్నాడు తెల్లారకముందే ఓట్లు వేయించే బడి ముందు వరస కట్టారు. పనిమనుషులూ, వాళ్ల అమ్మగార్లూ, కొట్టువాళ్లూ, చెరకు నరికేవాళ్లూ ఒకే వరసలో. పెద్దమ్మ పెళ్లిళ్లకి కట్టే చీర కట్టుకుంది. మధ్యాహ్నానికి బల్ల దగ్గరికి చేరింది. అక్కడి ఆఫీసరు బుక్కు తెరిచి, లేచిన పొరని వేలితో తడిమాడు. ఫోటో మార్చినట్టుంది, ఇది చెల్లదు, తాత్కాలిక కార్డులిచ్చే బల్ల దగ్గరికి వెళ్లండి అన్నాడు. ఆ బల్ల రెండు వీధుల అవతల టౌన్ హాల్లో ఉంది. అక్కడ మళ్లీ వరస. అక్కడి అమ్మాయి, మీకు బుక్కుంది కదా, కార్డు బుక్కు లేనివాళ్లకి అంది. మళ్లీ వెనక్కి.

నేను బడి గేటు దగ్గర తెల్లచొక్కాలో డ్యూటీలో ఉన్నాను. ఆఫీసరు దగ్గరికి వెళ్లి ఈవిడ ఎవరో నాకు తెలుసని చెప్పాను.

"నువ్వెవరి తరఫు?" అన్నాడు.

"ఎవరి తరఫూ కాదు సార్."

"అయితే పక్కకి నిలబడు."

నిలబడ్డాను. మా నియమం కూడా అదే. గేటు మూసే దాకా పెద్దమ్మ గోడ పక్కన నిలబడే ఉంది. కాపలా జులూ కుర్రాడు తను కూర్చునే డబ్బా తెచ్చి వేశాడు. "కూర్చో గోగో," అన్నాడు. మామ్మా అని. ఆ రోజు ఆవిడని గౌరవంగా పిలిచింది వాడొక్కడే.

ఇంటికి తీసుకెళ్లాను. దీపాలు పెట్టే వేళ. పెదనాన్న తల తిప్పి, "ఏసినావా?" అన్నాడు.

"ఆ. ఏసేసినాను."

"సెయ్యి?"

ఆవిడ చెయ్యి చాచింది. ఆ సిరా ఎవరికీ కనపడదు కాబట్టి అక్కడ లేకపోవడం కూడా కనపడలేదు. ఆయన ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. నేను వాకిట్లోకొచ్చి చెప్పులు వెతుక్కున్నాను, కాళ్లకే ఉన్నాయి.

చలికాలం పోకముందే పెదనాన్న పోయాడు. పెద్దమ్మ బొట్టు తీసింది, ఈసారి ఎవరూ అరవకుండానే. పదకొండో రోజు జనం వెళ్లాక నన్ను పిలిచింది.

"యాభై ఏళ్లల్లో ఆయనతో ఒక్క అబద్ధం ఆడినాను. అది నిజం సెయ్యాల. మళ్లీ ఓటు ఎప్పుడురా?"

మళ్లీ ఓటంటే ఊరి కౌన్సిళ్లకి. దాని నియమాలు కొత్తగా రాస్తున్నారు. మరుసటేడు పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో ప్రొవిన్సు శాసనసభ కూర్చున్నప్పుడు, జనం మాట వింటామని కమిటీవాళ్లు పిలిచారు. టీచరమ్మ ఒక కాగితం తయారుచేసింది. బుక్కు చెడిపోయిందని ఎవర్నీ వెనక్కి పంపకూడదు, పొరుగువాళ్లిద్దరు ప్రమాణం చేస్తే అక్కడే ఓటెయ్యనివ్వాలి. అంతే. వ్యానులో ఆరుగురం వెళ్లాం. పెద్దమ్మ తన బుక్కుని తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది.

"నువ్వే చెప్పు, నీ పెద్దమ్మ కదా. జోకులు మాత్రం వద్దు," అంది టీచరమ్మ నాతో.

సభలో కుర్చీలు ఎంత మెత్తగా ఉన్నాయంటే కూర్చున్నవాళ్లకి నిద్రొచ్చినా తప్పు పట్టలేం. గోడల మీద పాత తెల్లదొరల పటాలు ఇంకా తియ్యలేదు. చెప్పాను. వచ్చిన ఇంగ్లీషులో, వరసగానే చెప్పాను. బుక్కు చేతులు మారింది. కమిటీలో ఒకావిడ పసుపు మూలని వాసన చూసి మెల్లగా మూసింది. చివర్లో ఒకాయన అడిగాడు, "నుదుటి గుర్తు తీసెయ్యమని సర్కారు కాగితంలో లేదే. ఎవరు చెప్పారావిడకి?"

హాలంతా నా వైపు చూస్తున్నట్టనిపించింది. పద్దెనిమిదేళ్లు అరిచిన గొంతుని అక్కడ మాత్రం బాగా తగ్గించాను.

"ఎవడో ఫూల్ సార్," అన్నాను.

వాళ్లు నవ్వారు. గమనించాం అని రాసుకున్నారు. బయట మెట్ల మీద పెద్దమ్మ తువ్వాలు మళ్లీ చుట్టుకుంటూ అంది, "ఫూల్ అన్నావు. ఆ ముక్క నాకు తెలుసులే, ఎస్టేట్లో నన్నూ అనీవోరు." దారంతా తిట్టినా బాగుండేది.

నియమాలు అచ్చయి వచ్చాయి. టీచరమ్మ గుడి హాల్లో కూర్చుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వేలు పెట్టి చదివింది. మా ముక్క ఎక్కడా లేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, "పాపం, గమనించారు," అంది. చెడిన బుక్కువాళ్లు కొత్త బుక్కుకి రాసుకోవాలి, అంతే.

కొత్త ఫోటోకి అదే ఫోటోగ్రాఫర్, అదే తెల్లదుప్పటి. ఈసారి పెద్దమ్మ తుడుచుకోవలసిందేమీ లేదు. నేను ఏమీ అరవలేదు. రెండో బుక్కు వచ్చేసరికి కౌన్సిల్ ఎన్నికలు మా ప్రొవిన్సులో వాయిదా పడ్డాయి. గొడవలు తగ్గలేదన్నారు. వాయిదా పడ్డ ఎన్నికలకి ఆవిడ బియ్యం డబ్బాలో బుక్కు దాచుకుని కూర్చుంది. దానికి పసుపు రాయలేదు.

చివరికి ఆ రోజు వచ్చింది. వరస చిన్నది. మొదటిసారి వచ్చిన జనంలో సగం కూడా రాలేదు. ఆఫీసరు కొత్త బుక్కు తెరిచి, బోడి నుదుటి ఫోటోనీ, బోడి నుదుటినీ చూసి, సరిపోయిందన్నాడు. పెద్దమ్మ తెర వెనక చాలాసేపు ఉంది. ఎవరికి వేసిందో నేనడగలేదు, నియమం. బయటికొచ్చి ఎండలో కళ్లు చికిలించింది. ఎటు వెళ్లాలో తెలియనట్టు నిలబడింది.

ఏదో ఒకటి అనాలి కదా. ఊరుకోవడం నాకు రాదు.

"పెద్దమ్మా, పెదనాన్నతో ఆడిన అబద్ధం ఇవాళ్టితో నిజమైపోయింది," అన్నాను.

ఆవిడ కొంగు సవరించుకుంది.

"అయితే ఆ మాట ఆయనకెవరు సెప్పాల? నీకు పెద్ద గొంతున్నాది కదరా అబ్బీ. ఒకపాలి అక్కడికి వినపడేలాగ అరవరా."