వంక దాటిన ఓబమ్మ

ఓబమ్మ పుట్టిన హొసహట్టి కర్ణాటకలో, పావగడ వైపు ఉంది. ఆమె మెట్టిన నాగలకుంట ఆంధ్రలో, కళ్యాణదుర్గం వైపు. రెండూళ్లకూ మధ్య మూడు మైళ్ల దూరం, ఒక ఎండిన వంక, చిన్న వాగు. పెళ్లినాడు ట్రాక్టరు ఆ వంక ఇసుకలో కూరుకుపోతే పెళ్లికూతురు కూడా దిగి నడిచింది. అది రెండు రాష్ట్రాల సరిహద్దని అప్పుడు ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా పట్టించుకునేది కాదు. అటూ ఇటూ బోయవాళ్లే, ఇళ్లలో మాట్లాడేది తెలుగే, మొక్కేది ఓబుళేశుడికే. ఒక్కటే తేడా. ఆమె చదివిన నాలుగు తరగతులూ కన్నడంలో కాబట్టి, నాగలకుంటకు వచ్చాక బస్సు బోర్డు చదవాలంటే భర్త కుళ్లాయప్పను అడగాల్సి వచ్చేది.

హేమావతి వాళ్ల ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్లకు ఆరేళ్లప్పుడు వరసగా మూడేళ్లు వానల్లేవు. వేరుశనగ విత్తనం కూడా తిరిగి రాలేదు. మొగుడూ పెళ్లాం బెంగళూరుకు ఇళ్లు కట్టే పనికి పోతూ, పిల్లను హొసహట్టిలో ఓబమ్మ తమ్ముడు మారుతి దగ్గర వదిలారు. బడిలో చేర్చేటప్పుడు తండ్రి పేరు దగ్గర మారుతి తన పేరే రాయించాడు. తండ్రి ఊళ్లో లేడు, సంతకం పెట్టేవాడు కావాలి, అంతే. అందులో తప్పేమీ ఎవరికీ కనిపించలేదు. తర్వాత వాళ్లు తిరిగొచ్చి సేద్యంలో పడ్డా, పిల్ల మాత్రం అక్కడే చదువుకుంది. ఆదివారాలు వంక దాటి వచ్చి వెళ్లేది. పదో తరగతి మార్కుల కాగితం మీదా, పీయూసీ కాగితం మీదా అదే తండ్రి పేరు దిగింది.

హేమావతికి నర్సు చదువు మీద మనసు. తుమకూరులో సీటు కోసం దరఖాస్తు పెట్టే రోజుల్లో మారుతి నాగలకుంటకు వచ్చాడు.

"అక్కా, మా తట్టు మన బోయోళ్లను నాయకులంటారు. ఎస్టీలం. ఈడ బోయోళ్లు బీసీలు. పాప నా బిడ్డని కాగితాల్లో ఉండనే ఉండాది. సర్టిఫికెట్ తీయిస్తా, సీటు వచ్చేస్తాది."

"అదెట్లరా? అది నా బిడ్డే, నేను నీ అక్కనే కదా. నువ్వు ఎస్టీ అయితే నేనెందుకు కాను?"

"నువ్వు పుట్టుకతో ఎస్టీవే. దాన్ని మాత్రం తండ్రిని బట్టి చూస్తారు. తండ్రి ఈడోడు."

"మరి ఈ వంక మీద గీత గీసినోడు మమ్మల్ని అడిగినాడా?"

మారుతి నవ్వలేదు. "గీసినోడు యాడున్నాడో. ఇప్పుడున్న రెవెన్యూ ఆయన విచారణకు వస్తాడు. ఆ పొద్దు నువ్వు మేనత్తనని ఒక్క మాట చెప్తే సాలు."

ఓబమ్మ భర్త వైపు చూసింది. "పేరులో ఏముండాది? పిల్ల బాగుపడితే సాలు" అన్నాడు కుళ్లాయప్ప. అని, పళ్లెంలో సంగటి సగం అట్లాగే వదిలి చెయ్యి కడుక్కున్నాడు. ఆ మనిషి అన్నం వదలడం ఆమె చూసింది తక్కువ.

విచారణ రోజు పొద్దున్నే ఓబమ్మ హొసహట్టికి బయలుదేరింది. దారి పొడవునా ఒకే కన్నడ మాటను అనుకుంటూ నడిచింది. సోదరత్తె. అంటే మేనత్త. చిన్నప్పటి భాషే, నోరు తిరగని మాట కాదు.

రెవెన్యూ ఆయన మారుతి ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. పక్కింటి ముసలాయన మారుతి కుటుంబం తరతరాలుగా ఈ ఊరిదేనని చెప్పాడు. అది నిజమే. రెవెన్యూ ఆయన అది రాసుకుని, గడప దగ్గర నిలబడ్డ ఓబమ్మను చూశాడు.

"నువ్వు ఈ అమ్మాయికి ఏమవుతావమ్మా?" అని కన్నడంలో అడిగాడు.

హేమావతి లోపలినుంచి తల్లినే చూస్తోంది. ఓబమ్మకు సంగటి పళ్లెం గుర్తొచ్చింది. బెంగళూరులో ఇటుకలు మోసినన్నాళ్లూ ప్రతి నెలా పిల్లను చూడటానికి బస్సులో నిలబడి వచ్చిన మనిషి గుర్తొచ్చాడు. మేనత్తనని చెబితే తను మేనత్త అవుతుంది. మరి ఆయన ఏమవుతాడు?

"నన్న మగళు" అంది. నా కూతురు. ఆ వెంటనే, అడక్కుండానే చెప్పింది: "వాళ్ల నాయన కుళ్లాయప్ప. నాగలకుంటలో ఉన్నాడు. బతికే ఉన్నాడు."

రెవెన్యూ ఆయన పెన్నుకు మూత పెట్టాడు. కాగితాలు సర్దుకుని, "ఇంకెప్పుడూ ఇట్లాంటి దరఖాస్తు పెట్టొద్దు" అని మారుతికి నెమ్మదిగా చెప్పి వెళ్లిపోయాడు. కేసు పెట్టకుండా అంతటితో వదిలేయడం ఆయన మంచితనం.

మారుతి ఆ రోజు అక్కకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. పదేళ్లకు పైగా ఆ పిల్లను సాకింది ఆయనే. హేమావతి తల్లితో నెల రోజులు మాట్లాడలేదు. తుమకూరు సీటు పోయింది. కాగితాల్లో తండ్రి పేరు సరిచేయించడానికి కుళ్లాయప్ప వంకకు అటూ ఇటూ ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఆ పనికే ఏడాది పట్టింది. ఆ తర్వాత ఆ పిల్ల అనంతపురంలో ఒక ప్రైవేటు కళాశాలలో చేరి, చదువు పూర్తిచేసి, ఇప్పుడు అక్కడే ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేస్తోంది. మారుతి పెద్దకూతురు ఎస్టీ సీటులో చదివి తుమకూరులో ప్రభుత్వ నర్సు అయింది. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే పుస్తకంలో చదువుకున్నారు.

పోయిన ఉగాదికి ఇంటికి వచ్చినప్పుడు హేమావతి ఆ మాట ఎత్తింది.

"ఆ పొద్దు నువ్వు ఒక్క మాట చెప్పింటే నేనూ ఆడ ఉండేదాన్ని కదమ్మా."

"ఉండేదానివి పాపా" అంది ఓబమ్మ. "నీకు పోగొట్టింది నేనే. కాదనను. మళ్లీ అడిగినా అదే చెప్తా. ఈ రెండూ నిజమే, నేనేం చేసేది?"

హేమావతి దగ్గరికి జరిగి, తల్లి ముందున్న చాటను తన వైపు లాక్కుని వేరుశనగ కాయలు ఒలవడం మొదలుపెట్టింది. పక్కన కుళ్లాయప్ప కూడా ఒలుస్తున్నాడు. ఆ విత్తనాల్లో సగం తమ్ముడి చేనుకు పంపాలని ఓబమ్మ వేరుగా మూట కడుతోంది.